గడ్డి లేని పొలం

కూత్,
ఆగస్టు ఇరవై, గురువారం.

సరిహద్దు రక్షకులు, ఇసుక తుపానులకు ఇంటల్లుడు, మా అన్నయ్య జాసిమ్ గారి సముఖానికి తమ్ముడు కర్రార్ సలాములు చెప్పి రాసుకునే విన్నపం. మేమందరం ప్రాణాలతో ఉన్నాం. 'క్షేమం' అని రాద్దామని కలం పెట్టాను గానీ, ఆ మాట రాసే అర్హత నాకుందో లేదో ఉత్తరం చివరికొచ్చాక నువ్వే తేల్చు.

ముందుగా ఒక్క సంగతి. వచ్చే నెల సెలవు మీద నువ్వు ఇంటికి రావచ్చు. వంతెన దాటి, బజారు మధ్యలోంచి, తలెత్తుకుని రా. ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, మొన్నటిదాకా మూడు వారాలపాటు నువ్వు రాకూడదు. వస్తే వంతెన చివర నిన్ను కాల్చేసేవాళ్ళు. కాల్చినవాణ్ణి అడిగే దిక్కు కూడా ఉండేది కాదు. నీకీ కబురు అందే దారే లేదు. మీ కమాండరు మీ ఫోన్లన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతాడట కదా. మీ శిబిరానికి రొట్టెల లారీ నడిపే అబూ షాకిర్ ఊరు ఈ కూత్ కావటం నా అదృష్టం. ఆయన చేతికే ఇస్తున్నాను. కాయితం మీద నూనె మరకలుంటే ఆయనవి. నీటి చుక్కల మరకలుంటే అవి కూడా ఆయనవే, నావి కావు.

నీ కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. అమ్మ మోకాలు ఎలా ఉందన్నావు. దివ్యంగా ఉంది. ఎంత దివ్యంగా ఉందంటే, మన గేటు మీద తుపాకులు పేలిన రోజు మేడమెట్లు నాకంటే ముందు దిగింది. నేను డిగ్రీ పుచ్చుకున్న మనిషిని కాబట్టి మెట్ల కింద బోర్లా పడుకున్నాను. ఆమె చేతిలో బెండకాయలు తరిగే కత్తి పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, వెళ్ళిపోతున్న వ్యాను వెనక నిలబడి, "ఒరే, మీ అమ్మలు మిమ్మల్ని మధ్యాహ్నం పడుకోనివ్వరా?" అని అరిచింది.

నీళ్ళ ట్యాంకుకి నీడ కట్టావా అన్నావు. కట్టాను. ఇప్పుడు దానికి పదకొండు బెజ్జాలున్నాయి. ఒక పూట వాకిట్లో పదకొండు ధారల ఫౌంటెను నడిచింది. ఊళ్ళో ఏ అధికారి ఇంట్లోనూ అంత వైభవం లేదు.

పావురాల సంగతి మటుకు హాస్యంగా రాయలేను. ఆరు పోయాయి. కాళ్ళకి ఈకల గజ్జెలున్న నీ తెల్లది కూడా పోయింది. పైకి లేచిన గుంపు తూటాల చప్పుడుకి తిరిగి గూటికే వచ్చింది. అలా రావటం నువ్వు నేర్పిందే. గూటికి వస్తేనే తగిలాయి.

నాలుగో ప్రశ్న, "నా కంప్యూటర్లో నేను పెట్టిన సెట్టింగులు ముట్టుకోలేదు కదా?" అని. ఆ ప్రశ్నకి జవాబే మిగతా ఉత్తరమంతా. ఎక్కడైనా నీడ చూసుకుని కూర్చో.

ముట్టుకున్నాను అన్నయ్యా.

నువ్వు ఆ దీవి ఆటని ఎలా పెట్టుకున్నావో నాకు తెలియనిది కాదు. గడ్డి, నీడలు, నీళ్ళ మీద తళుకు, చెట్ల ఆకులు, అన్నీ చివరి మెట్టు మీద. వందమంది విమానంలోంచి దూకి, చివరికి ఒక్కడు మిగిలేదాకా ఒకళ్ళనొకళ్ళు చంపుకునే దీవి అది. నువ్వు సెలవులో వచ్చిన పది రోజులూ అక్కడికి దిగి, తుపాకి వీపున తగిలించుకుని, గోధుమ చేలో నడిచేవాడివి. "చూడరా, గాలికి గడ్డి ఎలా వంగుతోందో," అనేవాడివి. నేను లెక్కపెట్టాను, నూట ఏడు ఆటలు, నూట ఏడు చావులు. ఒక్కణ్ణి కూడా చంపలేదు. సైన్యంలో నీకు జీతం ఎందుకిస్తున్నారా అని నేను నవ్వితే, "అక్కడ గడ్డి లేదురా," అన్నావు. నాకప్పుడు అర్థం కాలేదు. అర్థం కాకపోతే జోకు వెయ్యటం నా అలవాటు.

కానీ ఆ అందమంతా మే ఎండల్లో మన జెనరేటరు కరెంటు మీద నడవదు. గదిలో నలభై తొమ్మిది డిగ్రీలు. కంప్యూటరు లోపలి ఫ్యాను విమానం లేస్తున్నట్టు అరుస్తుంది. తెర మీద సెకనుకి పదిహేను బొమ్మలు. శత్రువు తలుపు దగ్గర కనిపిస్తాడు, మళ్ళీ కనిపించేసరికి నేను పోయి ఉంటాను. మధ్యలో ఏం జరిగిందో దేవుడికీ, ఆ కంపెనీకీ తెలియాలి. అలా ఒక వారం చచ్చాక, ఒకరోజు మధ్యాహ్నం నిశ్చయించుకున్నాను. ముందు నీడలు తీసేశాను. పాతిక బొమ్మలైంది. నీళ్ళ తళుకు తీసేశాను. ముప్ఫై అయిదు. ఆకులు తగ్గించాను. ఇక గడ్డి మిగిలింది. సెట్టింగుల్లో దాని గీత మీది గుండీని ఎడమ చివరికి, సున్నాకి లాగాను.

సెకనుకి డెబ్బై రెండు బొమ్మలు. ఫ్యాను నోరు మూసుకుంది. దీవంతా మన పెదనాన్న నెత్తిలా నున్నగా తయారైంది.

ఆ నున్నటి నేల మీద మనుషులు పడుకుని ఉన్నారు. బోర్లా, తలలు దించుకుని, తుపాకులు చాచుకుని, ఊపిరి బిగబట్టి. వాళ్ళ తెర మీద నడుమెత్తు గడ్డి ఉంది. నా తెర మీద లేదు. పెళ్ళి పందిట్లో నిద్రపోతున్న చుట్టాల్లా ఉన్నారు. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ తీరిగ్గా నడిచి వెళ్ళి, తలలో కాల్చాను. మొదటి రోజు పధ్నాలుగు మందిని. నీ పేరున్న ఖాతా మీద, నీ జీవితంలో మొట్టమొదటి గెలుపు.

వాళ్ళలో ఒకడున్నాడు. ఆటలో తన పేరు 'పొలంలో పాము' అని పెట్టుకున్నాడు. రోజూ అదే చేలో పడుకునేవాడు. రోజూ నేను చంపేవాణ్ణి. రెండు నెలలు. ఒకరోజు మైకులో వాడి గొంతు వినిపించింది.

"ఎవడ్రా నువ్వు? నేను గడ్డిలో ఉన్నా. తల కూడా ఎత్తలేదు. ఎలా చూశావ్?"

"నీ గురక వినబడింది మావా."

"ఏదో దొంగ సాఫ్ట్‌వేరు పెట్టావు. గోడల్లోంచి చూసేది."

"గోడల దాకా ఎందుకు? నువ్వు మా వాకిట్లో పక్కేసుకుని పడుకుంటే."

"యాస వింటే మన ఊరివాడిలాగే ఉన్నావు. మగాడివైతే గురువారం అబూ రదీఫ్ హాలుకి రా. నా కళ్ళ ముందు ఆడి చూపించు."

ఇలాంటి పిలుపుకి మన ఊళ్ళో రెండే జవాబులు. ఒకటి వెళ్ళటం, రెండోది పెందలాడే వెళ్ళటం.

అబూ రదీఫ్ హాలు వంతెన అవతల ఉంది. ఇరవై కంప్యూటర్లు, రెండు కూలర్లు, గోడ మీద 'తెగల తగువులు బయట చూసుకోవాలి' అని బోర్డు. ఆ కంప్యూటర్లు కొత్తవి, అందుకే గడ్డి నిండుగా కనిపిస్తుంది. పాము అసలు పేరు దర్ఘామ్. నదొడ్డున వాళ్ళ నాన్న చేపలు కాల్చే చోట పనిచేస్తాడు. పొడుగు మనిషి, చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఆ హాల్లో వాడికి గౌరవం ఉందని గుమ్మంలోనే తెలిసింది. వాడి కుర్చీలో వేరేవాళ్ళు కూర్చోరు. గడ్డిలో వాడంత కదలకుండా పడుకునేవాడు ఇరాకులోనే లేడని చెప్పుకుంటారు. నన్ను వాళ్ళెవరూ అంతకుముందు చూడలేదు.

నేను మర్యాదగానే మొదలుపెట్టాను. టీ తెప్పించారు, తాగాను. "దొంగతనం ఏమీ లేదు, చూడండి," అని వాడి కంప్యూటరు ముందే కూర్చుని, వాడి చేలోకే దిగి, పాఠం చెప్పే మేస్టారిలా గుండీని కుడివైపుకి లాగి, "ఇదిగో గడ్డి," అన్నాను. ఎడమవైపుకి లాగి, "ఇదిగో గడ్డి లేదు," అన్నాను. నాలుగుసార్లు అటూ ఇటూ లాగాను. ఒక్కసారి సరిపోయేది.

దర్ఘామ్ తెర వంకే చూస్తున్నాడు. వాడికి అర్థమవుతోంది. నిన్నా మొన్నా కాదు, రెండు నెలలూ వాడు నడిబజార్లో పడుకున్నట్టు పడుకున్నాడని. వెనకనుంచి ఎవడో, "నాకూ కనిపించేవాడివిరా దర్ఘామ్. పాపమని వదిలేసేవాణ్ణి," అన్నాడు. ఇంకొకడు, "నేనూ అంతే," అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. అబూ రదీఫ్ పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వాడు.

అక్కడ ఆగాల్సింది. నా నోరు నీకు తెలుసు కదా. "ఈసారి గడ్డి దొరక్కపోతే మీ పిన్ని అబాయా ముసుగు కప్పుకుని పడుకో," అన్నాను.

నవ్వు తెగిపోయింది.

దర్ఘామ్ లేచి నిలబడి, మెల్లగా, "నీ పేరేంటి?" అన్నాడు. నేను ఒక మాట చెప్పాను. ఆ మాటేమిటో తర్వాత రాస్తాను. దానికింకా చెయ్యి రావటం లేదు.

నా జుట్టు పట్టుకుని మొహం తెరకేసి కొట్టాడు. అద్దం పగిలింది. రెండోసారి కొట్టాడు, నా ముక్కులోంచి నెత్తురు కీబోర్డు మీద పడింది. నన్ను విడిపించడానికి వచ్చినవాణ్ణి కుర్చీతో పొట్టలో పొడిచాడు. మూడోసారి నా తలని వెనక్కి లాగినప్పుడు నా చెయ్యి బల్ల మీద తడుముకుంది. టీ గ్లాసు దొరికింది. నడుము సన్నగా ఉండే ఆ చిన్న గ్లాసే, అడుగున చక్కెర ఇంకా కరగలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని వాడి మొహం మీద కొట్టాను. గ్లాసు నా గుప్పిట్లోనూ పగిలింది, వాడి ఎడమ కంట్లోనూ పగిలింది.

వాడు అరవలేదు అన్నయ్యా. చేత్తో కన్ను మూసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురూ, దాంతోపాటు పల్చగా ఇంకేదో కారుతోంది. "లైటు తీసేశారా?" అని అడిగాడు. ఎవరూ లైటు తియ్యలేదు. నేను పరిగెత్తాను. వంతెన మీద ఒక చెప్పు జారిపోతే దానికోసం ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మన గేటు మీద తూటాల నోటీసు వచ్చింది. రెండు వ్యాన్లు, పదిమంది, నాలుగు నిమిషాలు. వెళ్ళేముందు ఒకడు దిగి ఎర్ర రంగుతో గేటు మీద రాశాడు. 'ఈ ఇంటి జాసిమ్ మా తెగ వెతుకుతున్నవాడు.' చదువుకున్నవాడే, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

నీ పేరెందుకు రాశారని అమ్మ అడిగింది. ఆట ఖాతా నీ పేరు మీద ఉంది కదా, అందుకే అన్నాను. హాల్లో కొట్టుకున్నది ఎవరో తెలియదన్నాను. నా ముక్కు వాపు వంతెన మీద పడితే వచ్చిందన్నాను. అమ్మ చిల్లులు పడిన గిన్నెలోంచి బెండకాయ ముక్కలు ఏరి వేరే గిన్నెలో వేసుకుంటూ కూర్చుంది.

పెదనాన్నకి మాత్రం నా చేత్తోనే జరిగిందని చెప్పక తప్పలేదు. రాజీ మాట్లాడాల్సింది ఆయనే. ఆయన జపమాల తిప్పుతూ విన్నాడు.

"వాళ్ళు జాసిమ్ అనుకుంటున్నారు," అన్నాడు.

"అవును పెదనాన్నా."

"అయితే జాసిమే."

"వాడు సరిహద్దులో ఉన్నాడు కదా."

"అదేగా మనకి కలిసొచ్చింది. సెలవు మీద వచ్చాడు, కొట్టాడు, ఆ రోజే పారిపోయాడు అందాం. సంవత్సరంలో పదకొండు నెలలు ఎడారిలో ఉండేవాణ్ణి ఊళ్ళోంచి వెలేస్తే వాడికి తగ్గేదేముంది? ఇసుకకేం తేడా తెలుస్తుంది? నిన్ను వెలేస్తే మీ అమ్మని ఎవడు చూస్తాడు?"

ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఇప్పటికీ లేదు. జవాబు లేని ప్రశ్న వెనక దాక్కోవటం ఎంత సుఖమో నాకప్పుడే తెలిసింది. మూడు వారాలు దాక్కున్నాను. రోజూ ఆ గేటు తెరుచుకుని నీ పేరు పక్కనుంచి రొట్టెలకి వెళ్ళేవాణ్ణి. దుకాణంలో జనం, "జాసిమ్ ఇలాంటి పని చేస్తాడనుకోలేదు. చీమని తొక్కడు," అనేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి.

పెద్దలు గడువు తీసుకుని, తగువులు తీర్చే సయ్యద్ ముహ్సిన్ గారి అతిథిశాలలో, ముదీఫులో పంచాయితీ పెట్టించారు. ఆ రోజు పొద్దున అమ్మ నన్ను పిలిచి, "చెయ్యి చూపించు," అంది. డబ్బా మూత కోసుకుందని చెప్పి కట్టిన గుడ్డ అది. తనే విప్పింది. నాలుగు గాట్లు, అర్ధచంద్రంగా. గ్లాసు అంచు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదా? ముప్ఫై ఏళ్ళుగా కడుగుతోంది.

మందు రాసి, కొత్త గుడ్డ కట్టి, "జాసిమ్‌కి కూడా చేతులున్నాయి. వాటిని నేనే కడిగి పెంచాను," అంది. అంతే. లేచి పావురాలకి గింజలు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

ముదీఫ్ నీకు తెలుసు. గోడలు, కప్పు, కింద చాపలు, అన్నీ రెల్లే. అంత గడ్డి మధ్య నేను అందరికీ కనపడేలా కూర్చోవలసి రావటం ఏం న్యాయమో అనుకున్నాను. వాళ్ళ వైపు నలభై మంది, మన వైపు ముప్ఫై. హాల్లో నన్ను చూసినవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. దర్ఘామ్‌ని చివర్లో తీసుకొచ్చి కూర్చోబెట్టారు. బస్రాలో ఆపరేషను చేశారట. ఎడమ కన్ను పోయింది. రెండోది కూడా కదలకూడదని రెండిటికీ కట్టు కట్టారు. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నడిపించాడు. కాఫీ ఇస్తే కప్పు ఎక్కడుందో తెలియక గాలిలో వెతికాడు.

సయ్యద్ గారు కాఫీ కింద పెట్టుకుని, తగువు తేలేదాకా తాగనని, అందరి మాటా విన్నారు. గొడవ ఎక్కడ మొదలైందని అడిగితే గడ్డి దగ్గర అన్నారు. "ఎవరి పొలం?" అన్నారు. ఎవరిదీ కాదు, తెర మీది పొలం అని వివరించడానికి పావుగంట పట్టింది. ఆయన నవ్వలేదు. గడ్డం నిమురుకుంటూ, "అయితే వాడు కనిపించటం లేదనుకున్నాడు. ఇతను చూస్తూనే ఉన్నాడు. నాకు అర్థమైంది. పరదా వేసుకున్నాననుకున్నవాడి ఇంట్లోకి తొంగి చూడటం అది. తెర మీదైతేనేం, గుమ్మంలో అయితేనేం? పైగా ఆడవాళ్ళ మాట ఎత్తాడు. పైగా కన్ను," అన్నారు.

తీర్పు చెప్పారు. అమ్మ ఉన్న ఇంటి మీద కాల్చినందుకు వాళ్ళు వచ్చి గేటుకి సున్నం వేసి, క్షమాపణ చెప్పుకోవాలి. కంటికి ఏమివ్వాలో అదంతా పెదనాన్న బాధ, నేను రాయను. ఇక జాసిమ్ అయిదేళ్ళపాటు వంతెన దాటి ఊళ్ళోకి రాకూడదు. దాటితే వాడి నెత్తురుకి ఎవరూ బాధ్యులు కారు.

"ఒప్పుకున్నాం," అన్నాడు పెదనాన్న. అంత త్వరగా ఆయన దేనికీ ఒప్పుకోగా నేను చూడలేదు. సయ్యద్ గారు కాఫీ కప్పు అందుకున్నారు. ఫాతిహా చదవడానికి డెబ్బై మంది చేతులు పైకి లేచాయి. అది చదివితే ఇక ఆ మాటని ఎవరూ మార్చలేరు.

నా కుడిచెయ్యి కట్టుతో ఉంది కదా, అది సరిగ్గా లేవలేదు. నేనే లేచాను.

"అది జాసిమ్ కాదు. నేను," అన్నాను.

పెదనాన్న నా చొక్కా పట్టుకుని కిందికి గుంజాడు. "కూర్చో. వీడు అన్న మీద ప్రేమతో అంటున్నాడు సయ్యదూ. వీడి మాట పట్టించుకోకండి. వీడు పావురాలు ఎగరేసేవాడు," అన్నాడు.

ముదీఫులో నవ్వులు లేచాయి. పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం ఏ పంచాయితీలోనూ చెల్లదు కదా. పక్కవాడి పావురాన్ని పట్టుకుని మాదేనని ఒట్టేసే జాతి మనది. జీవితంలో మొదటిసారి నిజం చెప్పడానికి లేచాను, నీ పావురాలు నాకు అడ్డొచ్చాయి. ఇంకొకప్పుడైతే దీని మీద నాలుగు జోకులు వేసేవాణ్ణి.

నవ్వుల మధ్యలో దర్ఘామ్ చెయ్యెత్తాడు. "అతన్ని మళ్ళీ మాట్లాడమనండి."

సయ్యద్ గారు నా వంక చూసి తల ఊపారు. ఏం మాట్లాడాలో తెలియలేదు అన్నయ్యా. నా నోట్లో మాట లేకపోవటం ఎప్పుడైనా చూశావా? చివరికి వచ్చినవి ఆ రోజు మాటలే.

"ఇదిగో గడ్డి," అన్నాను. "ఇదిగో గడ్డి లేదు."

దర్ఘామ్ మొహం నా వైపు తిరిగింది. "వీడే. మైకులోనూ, హాల్లోనూ విన్న గొంతు. నీ పేరేంటి?"

"కర్రార్."

"ఆ రోజు వేరే పేరు చెప్పావే."

ఇదీ నేను దాచిన మాట. వాళ్ళు ఖాతా చూసి పొరపాటు పడలేదు. వాడు హాల్లో మొహం మీదే అడిగాడు. పేరేంటంటే, "జాసిమ్. సైన్యంలో జాసిమ్. ఇప్పుడేం చేస్తావ్?" అన్నాను. నీ పేరు చెబితే రెండడుగులు వెనక్కి వేస్తారనుకున్నాను. వెనకున్న ఇద్దరు నిజంగానే వేశారు. నేను నవ్వాను కూడా. కన్ను పోయాక, పరిగెత్తుతూ వంతెన దాటేటప్పుడు నాకు తట్టిన మొదటి ఆలోచన ఏమిటో రాయమంటావా? 'ఫరవాలేదు, వాళ్ళకి నా పేరు తెలియదు' అని. చెప్పు జారిపోయింది అప్పుడే.

ఇదంతా ముదీఫులో చెప్పాను. కట్టు విప్పి గాట్లు చూపించాను. సయ్యద్ గారు కాఫీ కప్పు మళ్ళీ కింద పెట్టేశారు.

దర్ఘామ్ ఒక్క ప్రశ్నే అడిగాడు. "రెండు నెలలూ నేను కనిపిస్తూనే ఉన్నానా?"

"ఉన్నావు."

"అందరికీ?"

"గడ్డి తీసేసినవాళ్ళందరికీ."

"చెప్పి ఉండొచ్చు కదరా," అన్నాడు. కోపంగా అనలేదు. పక్కింటివాడితో అన్నట్టు అన్నాడు. ముక్కు తెరకి తగిలిన దెబ్బకంటే అది గట్టిగా తగిలింది.

తీర్పు మారింది. అయిదేళ్ళూ నావి. మర్నాడు సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా ఊరు దాటాలన్నారు. వాళ్ళ వాళ్ళలో ఒకడు, దర్ఘామ్ బాబాయి కొడుకే అనుకుంటా, లేచి నా గూబ మీద ఒక్కటిచ్చాడు. ఎవరూ ఆపలేదు. నేనూ చెయ్యెత్తలేదు. నోట్లో నెత్తురు చప్పరిస్తూనే చేతులు పైకెత్తి ఫాతిహా చదివాను.

అందుకే ఈ ఉత్తరం కూత్‌లో అత్తయ్య ఇంటినుంచి వస్తోంది. ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. డిగ్రీ చదివినవాడికి తగిన పనే, చల్లగా ఉంటుంది. అమ్మ పెదనాన్న ఇంటికి వెళ్ళనంది. పావురాలుండగా ఎలా వస్తానంది. ఆమె ఒక్కతే ఉంది. నువ్వు బదిలీ అడుగుతానన్నావు కదా, గట్టిగా అడుగు. దీన్ని కూడా నీ నెత్తిన పెడుతున్నాను. ఇదొక్కటీ క్షమించు.

బయల్దేరేముందు ఒక గంట దొరికింది. నీ కంప్యూటరు ముందు కూర్చుని నీడలు మళ్ళీ పెట్టాను. నీళ్ళు పెట్టాను. ఆకులు పెట్టాను. గడ్డి గుండీని కుడి చివరికి లాగాను. నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉంది, సెకనుకి పదిహేను బొమ్మలు, ఫ్యాను అరుపుతో సహా. అప్పుడు ఆ చేలోకి దిగి, దర్ఘామ్ పడుకునే చోటే బోర్లా పడుకున్నాను. చుట్టూ గడ్డి, కళ్ళ మీదికి వంగుతూ. ఎంత బాగుందో అన్నయ్యా. ఎవరికీ కనిపించననిపించింది. నాలుగు నిమిషాలకి ఎవడో తిన్నగా నడిచి వచ్చి నా తలలో కాల్చాడు.

గేటు మీద సున్నం వేశారు, కానీ ఒక్క పూతే. కింద ఎర్ర రంగు ఇంకా లీలగా కనిపిస్తుంది. నువ్వు వచ్చినప్పుడు ఇంకో పూత వెయ్యి. వంతెన మీదుగా రా. ఎవరైనా పేరు అడిగితే గట్టిగా చెప్పు. అది ఇప్పుడు నీదే.

ఇట్లు,
తన పేరుతోనే సంతకం పెడుతున్న నీ తమ్ముడు,
కర్రార్.